రేకుల కప్పు, కర్ర వాసాలు: ఇంటిలోకి వచ్చే మోతను తగ్గించే విధానం

షోలాపూర్ నగరపు తూర్పు భాగంలోని నేతపేటలలో తెలుగు కుటుంబాలు అనేక తరాలుగా నివసిస్తున్నాయి. తెలంగాణ ప్రాంతం నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు ఈ నగరపు దుప్పట్ల, తువ్వాళ్ల పరిశ్రమకు పెద్ద అండగా నిలిచారు. ఈ పేటలలోని పాత ఇళ్లకు గోడలు దృఢంగానే ఉంటాయి. కప్పు మాత్రం చాలాచోట్ల కర్ర దూలాల మీద, వాసాల మీద పరచిన ఇనుప రేకు. మరాఠీలో పత్రా అనే ఈ రేకు తక్కువ ఖర్చుతో వస్తుంది, త్వరగా పూర్తవుతుంది, వానను ఆపుతుంది. శబ్దాన్ని మాత్రం ఆపలేదు.

ఈ లోపం చిన్నది కాదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికునికి పగటి నిద్ర దొరకదు. పక్క షెడ్డులో మరమగ్గాలు నడుస్తున్నంతసేపు పిల్లలకు చదువు మీద మనసు నిలవదు. జోరువాన పడితే మంచం పక్కన కూర్చున్నవారి మాట కూడా వృద్ధులకు వినపడదు. రోజంతా మగ్గాల మధ్య గడిపిన చెవులకు ఇంటి వద్దనైనా విశ్రాంతి అవసరం. అది లేకపోతే వినికిడికి కలిగే హాని పెరుగుతుంది. అందువల్ల అనేక కుటుంబాలు కప్పు కింద ఏదో ఒకటి అతికించి డబ్బు ఖర్చు చేస్తున్నాయి. ఆ ఖర్చులో చాలా భాగం వృథా అవుతున్నది. కొన్నిసార్లు కొత్త ప్రమాదాన్ని ఇంటిలోకి తెస్తున్నది. ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో తెలిస్తే అదే డబ్బు సార్థకమవుతుంది. ఈ పాఠం ఆ క్రమాన్ని వివరిస్తుంది.

1. శబ్దం వచ్చే దారులు

కప్పు ద్వారా ఇంటిలోకి శబ్దం నాలుగు దారులలో ప్రవేశిస్తుంది.

మొదటిది సందు. రేకు ముడతలకూ గోడ తలకూ మధ్య, చూరు వద్ద, వాసాలు గోడలోకి దిగేచోట ఖాళీలు ఉంటాయి. గాలి వచ్చే ప్రతి సందు గుండా శబ్దమూ వస్తుంది. రెండవది రేకు. బయటి శబ్దం రేకును కదిలిస్తుంది. కదిలిన రేకు లోపలి గాలిని కదిలిస్తుంది. మూడవది నేరుగా తగిలే దెబ్బ. వాన చినుకు, రాలిన కాయ, కోతి దూకుడు రేకును డప్పు చర్మంలా మోగిస్తాయి. నాలుగవది కట్టడం. పక్క గదిలోని మగ్గం అదురు నేల ద్వారా, గోడ ద్వారా, దూలం ద్వారా ప్రయాణించి గదిలో వినిపిస్తుంది.

ఒక్కొక్క దారికి చికిత్స వేరు. కాబట్టి ముందు రోగనిర్ణయం జరగాలి. మధ్యాహ్నపు ఎండలో తలుపులూ కిటికీలూ మూసి, దీపం ఆర్పి, కప్పు వైపు చూడాలి. వెలుగు చారలు కనబడినచోటల్లా సందు ఉన్నట్టే. మగ్గాలు నడుస్తున్న వేళ గోడకూ దూలానికీ అరచేయి ఆనించి చూడాలి. అదురు చేతికి స్పష్టంగా తెలిస్తే శబ్దంలో పెద్ద వాటా కట్టడం ద్వారా వస్తున్నదని గ్రహించాలి. అటువంటప్పుడు కప్పు మీద పెట్టే ఖర్చు కొంతమేరకే ఫలిస్తుంది. మగ్గం సొంతదైతే దాని కాళ్ల కింద దళసరి రబ్బరు దిమ్మెలు అమర్చడం, మగ్గాన్ని గోడకు ఆనకుండా జరపడం ముందుగా చేయవలసిన పని.

గూన పెంకుల ఇళ్లలో పరిస్థితి కొంత భిన్నంగా ఉంటుంది. పెంకు బరువైనది గనుక దాని కింద వాన మోత తక్కువ. కాని పెంకుకూ పెంకుకూ మధ్య ఉండే సందుల గుండా వీధి శబ్దం, మగ్గాల శబ్దం ధారాళంగా వస్తాయి. రేకు ఇంటివారు వానను గురించి, పెంకుటింటివారు వీధిని గురించి ఎక్కువగా ఫిర్యాదు చేయడానికి కారణమిదే.

2. బరువు, డెసిబెల్

శబ్ద తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. ఈ కొలత కూడికల మీద కాక రెట్ల మీద నడుస్తుంది. 10 డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది; చెవికి మాత్రం మోత దాదాపు రెట్టింపైనట్టు తోస్తుంది. అలాగే 10 డెసిబెల్లు తగ్గితే మోత సగమైనట్టు అనిపిస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకొనే మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్లు. మరమగ్గాల షెడ్డు లోపల శబ్దం 90 దాటుతుంది. పడకగదిలో నిరంతరం వినిపించే శబ్దం 30 డెసిబెల్లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాలలో సూచించింది.

గాలి ద్వారా వచ్చే శబ్దాన్ని అడ్డగించే మొదటి గుణం బరువు. ఒక పలక బరువు రెట్టింపైతే అది అదనంగా ఆపే శబ్దం సుమారు 5 నుంచి 6 డెసిబెల్లు. అర మిల్లీమీటరు ఇనుప రేకు చదరపు మీటరుకు సుమారు 4 కిలోల బరువుంటుంది. అది మధ్యస్థాయి శబ్దాలను దాదాపు 20 డెసిబెల్లే తగ్గిస్తుంది. 100 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు సుమారు 240 కిలోలు. అది తగ్గించేది 45 డెసిబెల్ల దాకా ఉంటుంది. కర్ర వాసాలు స్లాబు బరువును మోయలేవు. కాబట్టి తేలిక కప్పు విషయంలో బరువుతో సాధించలేని దానిని మరో ఉపాయంతో సాధించాలి. ఒకదానినొకటి తాకని రెండు పొరలు, వాటి మధ్య గాలి, ఆ గాలిలో పీచు పదార్థం: ఇదే ఆ ఉపాయం.

3. ఫలితమివ్వని ప్రయత్నాలు

కప్పు కింద థర్మోకోల్ పలకలు అతికించడం విస్తారంగా కనిపించే అలవాటు. థర్మోకోల్ ఎండ వేడిని కొంత అడ్డుకుంటుంది. దానికి బరువు లేదు గనుక శబ్దాన్ని దాదాపు ఏమీ అడ్డుకోదు. కోడిగుడ్ల అట్టలు, పలుచని ఫోము కూడా ఇదే కోవకు చెందుతాయి.

పాత దుప్పట్లను కప్పు కింద, గోడల మీద వేలాడదీయడం నేత కుటుంబాలలో సహజం. దీని వల్ల గదిలో ప్రతిధ్వని తగ్గి మాట స్పష్టంగా వినిపిస్తుంది. కాని ప్రతిధ్వనిని పీల్చడం ఒక పని, బయటి శబ్దాన్ని అడ్డగించడం మరొక పని. మెత్తని పదార్థం గదిలోకి వచ్చేసిన శబ్దాన్ని కొంత పీలుస్తుంది. రాబోయే శబ్దానికి తలుపు వేయలేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే డబ్బు ఎక్కువగా వృథా అవుతున్నది.

4. మొదటి పని: సందులు మూయడం

కప్పు వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు ఉంటే, మిగిలిన తొంభైతొమ్మిది వంతులు ఎంత దళసరిగా ఉన్నా ఆ కప్పు మొత్తం మీద 20 డెసిబెల్లకు మించి ఆపలేదు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ గది కప్పు 120 చదరపు అడుగులు. అందులో నూరవ వంతు 1.2 చదరపు అడుగులు. గది చుట్టుకొలత 44 అడుగులు. గోడ తల పొడవునా అంగుళంలో మూడవ వంతు సందు ఉంటే చాలు, ఆ నూరవ వంతు పూర్తవుతుంది. చిటికెన వేలు కూడా దూరని ఆ సందు ఎంతో ఖర్చుతో వేసిన పొరను వ్యర్థం చేయగలదు.

గోడ తలకూ రేకుకూ మధ్య ఉన్న పెద్ద ఖాళీలను ఇటుక ముక్కలతో, సిమెంటు మసాలాతో నింపాలి. వాసం చుట్టూ మాత్రం మసాలా గట్టిగా పూయకూడదు. వానకాలంలో కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ఆ కదలికకు మసాలా పగిలి సందు మళ్లీ తెరుచుకుంటుంది. పైగా తేమ పట్టిన మసాలాలో చిక్కిన కర్ర చివర కుళ్లుతుంది. కర్ర చుట్టూ సాగే గుణమున్న సీలెంటు వాడడం మంచిది. రేకు ముడతల కింద ఆ ముడతల ఆకారానికే కోసిన పట్టీలు దూర్చాలి.

ఈ పని చేసేటప్పుడు గాలి రాకపోకలను మరువకూడదు. గదిలో కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, గ్యాసు స్టవ్ ఏది వెలుగుతున్నా గాలి మార్గం తప్పనిసరి. సందులన్నీ మూసిన గదిలో నిప్పు రగిలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. గాలి కోసం విడిచే రంధ్రానికి లోపలి వైపు రెండు మలుపులున్న పెట్టెను అమర్చి, ఆ పెట్టె గోడలకు పీచు పదార్థం తాపడం చేస్తే గాలి వస్తుంది, శబ్దం మలుపుల వద్ద చాలావరకు అణగిపోతుంది.

5. రెండవ పని: వాన మోతను రేకు వద్దనే అణచడం

వాన మోతలో కొంత భాగం వదులైన రేకుదే. హుక్కు బోల్టుల వద్ద రబ్బరు వాషర్లు ఎండకు ఎండి పగిలిపోతాయి. అప్పుడు రేకు వాసం మీద కొట్టుకుంటుంది, నీరూ కారుతుంది. వానకాలానికి ముందే వాషర్లు మార్చి బోల్టులు బిగిస్తే తక్కువ ఖర్చుతో రెండు ప్రయోజనాలు కలుగుతాయి.

రేకు కదలికను తగ్గించే పొరను దానికి గట్టిగా అంటిస్తే డప్పు చర్మం మీద చేయి వేసినట్టు మోత అణుగుతుంది. కార్ల తలుపుల లోపల వాడే తారు ఆధారిత పట్టీలు ఈ పనే చేస్తాయి. రేకు మొత్తానికి వాటిని అంటించడం భారమనుకొనేవారు ప్రతి రెండు వాసాల మధ్య రేకు నడుమ భాగానికి అంటించినా కొంత గుణం కనిపిస్తుంది. అయితే ఈ పదార్థం మండేది గనుక పొయ్యి పైభాగంలోనూ, తీగల చేరువలోనూ వాడకూడదు.

రేకులు మార్చవలసిన సమయం వస్తే దానిని వదులుకోకూడదు. వాసాల మీద ముందు ప్లైవుడ్ లేదా సిమెంటు బోర్డు పరచి, దాని మీద పలుచని రాక్‌వూల్ పరుపు వేసి, ఆపైన రేకు బిగిస్తే చినుకు దెబ్బ పుట్టినచోటనే చాలావరకు అణగిపోతుంది. ఈ ఏర్పాటు ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటే షోలాపూర్ ఎండ నుంచి కూడా ఇంటిని కాపాడుతుంది. అదనపు బరువును వాసాలు మోయగలవా అన్నది ముందుగా చూపించుకోవాలి.

6. మూడవ పని: విడిగా నిలిచే లోకప్పు

సందులు మూసి, రేకు బిగించిన తరువాత కూడా శబ్దం బాధిస్తే లోకప్పు వేయాలి. దీనినే సాధారణంగా ఫాల్స్ సీలింగ్ అంటారు. అలంకారం కోసం వేసే సీలింగుకూ శబ్దం కోసం వేసే దానికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. అలంకారపు సీలింగును వాసాలకే మేకులతో బిగిస్తారు. అలా బిగిస్తే రేకు అదురు వాసంలోకి, వాసం అదురు మేకుల ద్వారా కొత్త పలకలోకి నేరుగా దిగుతుంది. పొరలు రెండైనా అవి ఒక్కటిగానే మోగుతాయి.

శబ్దం కోసం వేసే లోకప్పు గోడ నుంచి గోడకు ఆనే వేరే చిన్న దూలాల మీద నిలవాలి. పై వాసాలను ఎక్కడా తాకకూడదు. రేకుకూ లోకప్పుకూ మధ్య కనీసం 4 అంగుళాల ఖాళీ ఉండాలి. 6 నుంచి 8 అంగుళాలు ఉంటే మగ్గాల దడదడ వంటి మంద్రశబ్దం మరింత తగ్గుతుంది. ఆ ఖాళీలో 2 అంగుళాల మందం గల రాక్‌వూల్ పరవాలి. దూలాల కింద 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు బిగించి, అంచులన్నిటినీ సీలెంటుతో మూయాలి. దీపానికీ పంకాకూ బోర్డులో పెద్ద రంధ్రాలు చేస్తే మళ్లీ నూరవ వంతు లెక్క వర్తిస్తుంది. దీపాలను గోడకు అమర్చడం ఉత్తమం. పంకాను బోర్డుకు వేలాడదీయకూడదు; దాని కొక్కెం దూలానికే ఉండాలి.

విడి దూలాలకు వీలులేనిచోట రబ్బరు అమర్చిన వేలాడే కొక్కేలు వాడవచ్చు. ఫలితం కొంత తగ్గుతుంది గాని మేకులతో బిగించిన దానికంటె మేలు. పని సక్రమంగా జరిగితే 10 నుంచి 20 డెసిబెల్ల తగ్గుదల ఆశించవచ్చు. సంపూర్ణ నిశ్శబ్దాన్ని వాగ్దానం చేసే దుకాణదారుని మాట నమ్మదగినది కాదు.

7. బరువు లెక్క

మళ్లీ అదే గదిని తీసుకుంటే, 120 చదరపు అడుగులు అంటే సుమారు 11 చదరపు మీటర్లు. జిప్సం బోర్డు చదరపు మీటరుకు సుమారు 9 కిలోల చొప్పున 100 కిలోలు. రాక్‌వూల్ మరో 27 కిలోలు. చట్రాన్నీ కలుపుకుంటే మొత్తం 150 కిలోలు దాటుతుంది; అంటే మూడు సిమెంటు బస్తాలు. ఆ గది మీద ఉన్న రేకు బరువు మొత్తం 45 కిలోలకు మించదు. వాసాలు అప్పటిదాకా మోస్తున్న రేకుకు మూడు రెట్లకు పైబడిన బరువును వాటికే వేలాడదీయడం క్షేమం కాదు. విడి దూలాలు వేయడంలో రెండవ ప్రయోజనం ఇక్కడ తెలుస్తుంది. అదురు వాసాలను విడిచిపోతుంది, బరువూ గోడల మీదికి మారుతుంది.

అయినా పాత కర్రను పరీక్షించనిదే పని మొదలుపెట్టకూడదు. వాసాన్ని, ముఖ్యంగా గోడలోకి దిగే చివరను, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మొన తేలికగా దిగితే, తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే చెద లేదా కుళ్లు ఉన్నట్టు. మట్టిసున్నంతో కట్టిన పాత గోడ కొత్త దూలాలను మోయగలదో లేదో ఇంజినీరుకు చూపించాలి. లోకప్పు వేసిన తరువాత పై కర్ర కంటికి కనబడదు. కాబట్టి ఒక మూల మనిషి తల దూరేంత తలుపు విడిచి, ఏడాదికొకసారి చెదను, ఎలుకలను, నీటి మరకలను చూసుకోవాలి. ఆ తలుపు బరువైనదిగా, అంచుల వద్ద రబ్బరు పట్టీతో బిగుతుగా మూసుకొనేదిగా ఉండాలి. తడిసిన రాక్‌వూల్ బరువెక్కుతుంది, పనిచేయదు. కారే కప్పు కింద లోకప్పు వేయకూడదు.

8. ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

సిమెంటు రేకుల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. పాత సిమెంటు రేకులలో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. దాని ధూళి పీల్చినవారికి ఏళ్లు గడిచాక ఊపిరితిత్తుల వ్యాధులు, క్యాన్సరు రావచ్చు. అటువంటి రేకుకు రంధ్రం చేయకూడదు, రంపంతో కోయకూడదు, గీకకూడదు, పొడిగా ఊడ్వకూడదు. లోకప్పును గోడల మీది విడి దూలాలపైనే నిలపాలి. రేకు జోలికి పోకూడదు.

నిప్పు రెండవ ప్రమాదం. థర్మోకోల్ కరిగి మండుతూ బొట్లుగా కింద పడుతుంది. సాధారణ ఫోము మండినప్పుడు వెలువడే పొగ విషపూరితమైనది. నేత ఇళ్లలో ఉచితంగా దొరికే నూలు వ్యర్థాన్ని లోకప్పు పైన నింపడం మరింత అపాయకరం. ఒక్క నిప్పురవ్వ చాలు. రాక్‌వూల్ మండదు. లోకప్పు పైనుంచి వెళ్లే విద్యుత్ తీగలన్నీ గొట్టాలలో ఉండాలి. పాత తీగలను ముందే మార్పించాలి. రాక్‌వూల్, గ్లాస్‌వూల్ పరచేవారు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు, పొడుగు చేతుల చొక్కా ధరించాలి. పీచు గదిలోకి రాలకుండా బోర్డుతో పూర్తిగా మూయాలి.

9. అద్దె ఇల్లు, చట్టం

అద్దె ఇంటిలో శాశ్వత నిర్మాణం చేపడితే ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుందని చాలామంది కిరాయిదారులు భయపడతారు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 16వ సెక్షను ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అవసరమైనచోట మున్సిపల్ అనుమతితో వేసిన ఫాల్స్ సీలింగును ఆ సెక్షను శాశ్వత నిర్మాణంగా లెక్కించదు. అయినప్పటికీ గోడలో దూలాలు దించే పనికి యజమాని లిఖితపూర్వక సమ్మతి తీసుకోవడం ఉభయులకూ శ్రేయస్కరం. మేకు కొట్టకుండా చేయదగిన పనులు కిరాయిదారులకు చాలా ఉన్నాయి. వాషర్లు మార్పించమని కోరడం, సందులు మూయడం వంటివి ఇంటి విలువను కాపాడేవే గనుక యజమానులు సాధారణంగా కాదనరు.

శబ్దం పుట్టేచోటనే తగ్గించడం అన్నిటికంటె ఉత్తమం. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్లు, రాత్రి పరిమితి 45 డెసిబెల్లు. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు పగలుగా, మిగిలిన వేళ రాత్రిగా పరిగణిస్తారు. ఇంటి కప్పును బాగుచేసుకోవడం ఈ హక్కును వదులుకోవడం కాదు. మగ్గం యజమానితో ముందుగా సామరస్యంగా మాట్లాడి, షెడ్డు కిటికీలు మూయించడం, కాళ్ల కింద రబ్బరు వేయించడం వంటి మార్పులు కోరవచ్చు. ఒక్క మగ్గం కింద వేసిన రబ్బరు పది ఇళ్లకు మేలు చేస్తుంది.

10. పని చేయవలసిన క్రమం

ఒకటి: శబ్దం ఏ దారిన వస్తున్నదో పరీక్షించాలి. రెండు: కారే చోట్లు బాగుచేసి, కర్రను, తీగలను పరీక్షించాలి. మూడు: వాషర్లు మార్చి రేకులు బిగించాలి. నాలుగు: గాలికి దారి విడిచి మిగిలిన సందులు మూయాలి. ఐదు: ఒక వానకు, వారం రోజుల మగ్గాల చప్పుడుకు ఆగి ఫలితం గమనించాలి. ఆరు: ఇంకా అవసరమైతేనే లోకప్పు వేయాలి.

ప్రతి దశకు ముందూ తరువాతా ఒకే చోట, ఒకే వేళ మొబైలు ఫోనులోని శబ్దమాపక యాప్‌తో కొలత తీసి రాసుకోవడం మంచిది. ఫోను చూపే అంకె ఖచ్చితమైనది కాకపోయినా, రెండు కొలతల మధ్య తేడా దారి చూపుతుంది. చాలా ఇళ్లకు నాలుగవ దశతోనే తగినంత ఉపశమనం దొరకవచ్చు. అప్పుడు ఆరవ దశ కోసం దాచిన డబ్బు పిల్లల పుస్తకాలకో, పాత తీగల మార్పిడికో మిగులుతుంది.